చెంబుకి చీటీ

నేను పుట్టిన తేదీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బళ్ళో వేసేటప్పుడు పంతులుగారు జులై 1 అని రాసుకున్నాడు. మా పల్లెలో నాతోపాటు చేరిన పిల్లలందరూ జులై ఒకటినే పుట్టారు. మా అమ్మ లెక్క వేరు. "కోటేశుని తగలబెట్టిన ఏడు నీకు ఆరు నిండినయి" అనేది. అందుకే నా చదువు సంగతి చెప్పాలంటే ముందు కోటేశు సంగతి చెప్పాలి.

మాది కంచికచర్ల. హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీది ఊరు. అప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. కృష్ణా జిల్లా అనగానే కాలవలు, వరిచేలు అనుకుంటారు. మాది మెరక. జొన్న, కంది, పత్తి, మిరప. 1968 ఫిబ్రవరిలో ఇక్కడ కోటేశు అనే దళిత కుర్రాణ్ణి, ఇత్తడి పాత్రలు దొంగిలించాడని నింద వేసి, కట్టేసి, కిరసనాయిలు పోసి తగలబెట్టారు. అంటరానితనం నేరమని చట్టం వచ్చి అప్పటికి పదమూడేళ్ళు. ఆ సంగతి పార్లమెంటు దాకా పోయింది. అదే ఏడు డిసెంబరులో తమిళనాడులోని కీలవెణ్మణిలో 44 మందిని గుడిసెలో కాల్చి చంపారు. ఇవన్నీ నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నవి. ఆరేళ్ళప్పుడు నాకు తెలిసింది అమ్మ మాట ఒక్కటే: "ఎవరింటి ముందూ నిలబడమాక. ఏదీ ముట్టుకోమాక. కిందపడ్డది గూడా తియ్యమాక."

మా తాత తోలుపని చేసేవాడు. బావుల మీద కపిల బానలు కుట్టేవాడు. ఇంజన్లు, మోటార్లు వచ్చాక బానలతో పని లేకపోయింది. నాయన పాలేరుగా కుదిరాడు. అమ్మా, అక్కా కూలి. మా నందిగామ వైపు రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద 1859లోనే క్రైస్తవం పుచ్చుకున్నాడు. ఆ దారిన మిషను బళ్ళు వచ్చాయి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచమ సభగా మొదలై ఆది ఆంధ్ర సభగా ముగిసింది. ఇంత జరిగినా ఆ అక్షరం మా గడప తొక్కలేదు. 1961 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద షెడ్యూల్డు కులాల్లో చదువొచ్చినవాళ్ళు నూటికి పదిమంది. మా ఇల్లు మిగతా తొంభైలో ఉంది.

అక్షరం రాదుగాని మా ఇంట్లో లెక్క అందరికీ వచ్చు. అక్క కూలికి పోయిన ప్రతి రోజుకీ గోడమీద బొగ్గుతో ఒక గీత గీసేది. ఆ గీతలే నా మొదటి వాచకం. కుంచానికి నాలుగు మానికలు, మానికకి రెండు తవ్వలు, తవ్వకి రెండు సోలలు. బడి మొహం చూడకముందే ఇవన్నీ నాకు నోటికొచ్చు.

కోటేశు పోయిన రెండు నెలలకనుకుంటా, మిరపకోతలు అయిపోయి కూలి కొలుస్తున్నారు. రోజుకి రెండు మానికల జొన్నలు. అమ్మ పద్దెనిమిది రోజులు పోయింది. ఆసామి ఎనిమిది కుంచాలు కొలిచి కుంచం పక్కన పెట్టాడు. "ఇంకో కుంచం రావాల" అన్నాను నేను. అమ్మ నా నోరు మూసేసింది. "పిల్లోడు బాబయ్యా, తెలవక వాగాడు" అంది. ఆసామి నావైపు చూసి, "ఈడికి అప్పుడే నోరు లేచిందే" అన్నాడు. ఆ తొమ్మిదో కుంచం ఎప్పటికీ రాలేదు. రాత్రి అమ్మ నన్ను కొట్టలేదు, మెచ్చుకోలేదు. "నీ లెక్క నిజమే. అక్కడ అనమాక" అంది. అక్క గోడవైపు చూసింది. అక్కడ బొగ్గుతో తొమ్మిది సున్నాలు గీసి ఉన్నాయి. నాకంటే ముందే అక్క లెక్కేసింది. నన్ను బళ్ళో వేశారు. అక్కని వెయ్యలేదు. ఆమె తెలివి ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

మూడో తరగతిలో పంతులు ఇచ్చిన లెక్కలన్నీ నేనొక్కణ్ణే చేశాను. "ఎవడి పలక చూసి రాశావురా?" అన్నాడు. నా పక్కనోడి లెక్కలన్నీ తప్పులు. తప్పు పలక చూసి ఒప్పెట్లా రాస్తానని అడగాలనిపించింది. అమ్మ మాట గుర్తొచ్చి అడగలేదు. వరండాలో ఒంటరిగా కూచోబెట్టి వేరే లెక్కలిచ్చాడు. అవీ చేశాను. "ఊఁ" అన్నాడు. నువ్వు దొంగవి కాదురా అని మాత్రం అనలేదు.

తర్వాత హాస్టల్లో ఉండి చదివాను. పదో తరగతిలో బడికంతటికీ ఫస్టొచ్చాను. పంద్రాగస్టునాడు పిలిచి ఒక స్టీలు చెంబు బహుమతిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ ఆ చెంబు చూసి సంతోషపడుతుందనుకున్నా. ఆమె మొహం మాడిపోయింది. తిన్నగా హెడ్మాస్టరు గదిలోకి పోయి, గడప బయటే నిలబడి, "అయ్యగారూ, ఈ చెంబు మీరే ఇచ్చారని కాయితమ్మీద రాసియ్యండి" అంది. ఆయన నవ్వాడు. "మాది కంచికచర్ల అయ్యా" అంది అమ్మ. ఆయన నవ్వు ఆగిపోయింది. రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసిచ్చాడు.

బస్సు దిగి మా పల్లెకి పోవాలంటే పెద్దబజారు దాటాలి. చెంబు కొంగులో మూటగట్టుకుని, చీటీ చేత్తో పట్టుకుని, నన్ను వెనక నడవమంది. ఎవరూ అడగలేదు. అయినా ఆ చెయ్యి ఇంటిదాకా దించలేదు.

1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగాయి. మా కంచికచర్లవాడే అయిన కవి కలేకూరి ప్రసాద్ "పిడికెడు ఆత్మగౌరవం కోసం" కవితలో కోటేశు పేరు చెప్పుకున్నాడు. 2013లో ఆయనా పోయాడు. అమ్మ పోయాక ఆమె పెట్టెలో నా మార్కుల కాయితం, ఆ చీటీ కలిపి మడతపెట్టి ఉన్నాయి.

ఇప్పుడు మన పిల్లలు పెద్ద పెద్ద చదువులకి పోతున్నారు. సీటు ఎట్లా వచ్చింది, మెరిటేనా అని అక్కడా అడుగుతున్నారు. ఎవడి పలక చూసి రాశావురా అన్న మాటే అది. కుంచం తగ్గించి కొలిచినవాణ్ణి మాత్రం ఇంతవరకూ ఎవరూ చీటీ అడగలేదు.