భైరాన్‌పల్లి హత్యాకాండ: బాధ్యుల నిర్ణయం

భైరాన్‌పల్లి హత్యాకాండ 1948 ఆగస్టు 27న హైదరాబాద్ సంస్థానంలోని జనగామ తాలూకాలో జరిగింది. రజాకార్లు, నిజాం పోలీసులు, సైనికులు కలిసి తెల్లవారుజామున ఊరిని చుట్టుముట్టారు. ఇళ్లలోంచి మగవాళ్లను బయటికి ఈడ్చి, ఊరి బయట వరుసగా నిలబెట్టి కాల్చి చంపారు. మృతులు 96 మంది అని స్థానికంగా ఎక్కువగా చెప్పుకుంటారు. 118 అనే లెక్క కూడా ప్రచారంలో ఉంది. అదే రోజు దాడికి గురైన పక్క ఊరు కూటిగల్లు మృతులను కలపడం, కలపకపోవడం వల్ల కూడా లెక్కలు మారుతుంటాయి. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబరు 17న, సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. ఈ హత్యలకు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న మాత్రం ముగిసిపోలేదు. తుపాకి పేల్చినవాళ్లు, వాళ్లను పంపినవాళ్లు, చూస్తూ ఊరుకున్న ప్రభుత్వం, దాని వెనక ఉన్న దొరల వ్యవస్థ – వీటిలో దేన్ని ముందు నిలబెడతారన్నది చెప్పేవాళ్ల రాజకీయాన్ని బట్టి మారుతూ వచ్చింది.

పాలకుర్తి నేపథ్యం

భైరాన్‌పల్లి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. పాలకుర్తి మొన్నటిదాకా వరంగల్లు జిల్లాలో ఉండి, 2016 నుంచి జనగామ జిల్లాలోకి వచ్చింది. నిజాం కాలంలో ఈ ప్రాంతమంతా నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కిందికి వచ్చేది. అందుకే భైరాన్‌పల్లి కథ భైరాన్‌పల్లిలో మొదలుకాదు. పాలకుర్తి అనగానే కవిత్వం చదివినవాళ్లకు సోమనాథుడు, పోరాట చరిత్ర చదివినవాళ్లకు చిట్యాల ఐలమ్మ గుర్తొస్తారు. ఇక్కడ కావలసింది ఐలమ్మ.

తాలూకాలోని అరవై దాకా ఊళ్లపై విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పెత్తనం సాగేది. పాలకుర్తి అందులో ఒకటి. చాకలి కులానికి చెందిన ఐలమ్మ మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకుని సాగుచేసుకునేది. ఆంధ్ర మహాసభ సంఘంలో చేరడం, గడిలో వెట్టికి ఎదురు తిరగడం దేశ్‌ముఖ్‌కు కంటగింపయ్యాయి. పాలకుర్తి పట్వారీ ఆయన పక్షం. పంట చేతికొచ్చే వేళ దేశ్‌ముఖ్ మనుషులు పొలం మీద పడ్డారు. గుత్పలు పట్టుకున్న సంఘం కార్యకర్తలు అడ్డం నిలిచి, పంట కోసి ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆ తర్వాత ఆమె ఇల్లు తగలబడింది, కుటుంబంపై కేసులు పడ్డాయి. 1946 జులై 4న అదే దేశ్‌ముఖ్ ఇలాకాలోని కడవెండిలో ఊరేగింపుపై దొర మనుషులు కాల్పులు జరపగా దొడ్డి కొమరయ్య చనిపోయాడు. సాయుధ పోరాటానికి అది ఆరంభం.

అప్పటికి ఈ తాలూకాలో రజాకార్ల ఊసే లేదు. పల్లెల్లో కొట్టినవాళ్లు దొర గూండాలు, దొర మాట వినే అమీన్లు, పట్వారీలు. దొరల మీద తిరగబడిన ఊళ్లేవో, సంఘం ఎక్కడ బలంగా ఉందో, ఎవరి ఇంట్లో ఎవరు తలదాచుకుంటారో రాసిపెట్టుకున్నది ఈ యంత్రాంగమే. 1947-48లో రజాకార్లు పల్లెల మీదికి వచ్చినప్పుడు ఆ సమాచారం వాళ్లకు సిద్ధంగా దొరికింది. బాధ్యత గురించి మాట్లాడే చాలా వ్యాసాలు 1947తో మొదలవుతాయి. అలా మొదలుపెడితే దేశ్‌ముఖ్ కథలోంచి జారుకుంటాడు.

రజాకార్లు, రాజ్యం

రజాకార్లు మజ్లిస్-ఇత్తెహాదుల్-ముస్లిమీన్ సంస్థకు అనుబంధంగా ఏర్పడిన స్వచ్ఛంద దళం. మజ్లిస్ నేత బహదూర్ యార్ జంగ్ కాలంలో పుట్టిన ఈ దళాన్ని, లాతూరు వకీలు కాశిం రజ్వీ 1946లో మజ్లిస్ అధ్యక్షుడయ్యాక ప్రైవేటు సైన్యంగా మార్చాడు. 1947 చివర ఛత్తారీ నవాబు ప్రధాని పదవి వదులుకున్నాడు. ఆ స్థానంలోకి మీర్ లాయక్ అలీ వచ్చాడు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది మే నెలలో లాయక్ అలీ ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఎత్తేసింది. నిషేధం లేని పార్టీ ఊళ్లను, ఆ పార్టీని అణచడం కోసమేనంటూ తగలబెడుతూ పోయిన విచిత్రమైన వేసవి అది.

దాడి చేసే దళాల్లో రజాకార్ల పక్కన ఖాకీ బట్టల పోలీసులు, కొన్నిచోట్ల సైనికులు ఉండేవాళ్లు. పరకాలలో 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద పేలినవి పోలీసు తుపాకులే.

ఆగస్టు 27

భైరాన్‌పల్లి నడుమ పాత బురుజు ఒకటి ఉంది. ఊరి యువకులు దాన్ని కాపలా స్థావరంగా చేసుకున్నారు. దూరాన గుంపు కనబడితే పైనుంచి నగారా మోగేది; ఊరంతా వడిసెలలు, కారం, రాళ్లు, బర్మారు తుపాకులతో సిద్ధమయ్యేది. చుట్టుపక్కల ఊళ్లలో దోచుకుని తిరిగి వెళుతున్న రజాకార్లను అడ్డగించి సొత్తు వెనక్కి తీసుకున్న పేరు ఈ ఊరికి ఉండేది. అంతకుముందు జరిగిన దాడులనూ ఊరు తిప్పికొట్టింది. అధికారుల దృష్టిలో అది పరువు సమస్యగా మారింది.

ఈసారి వచ్చిన బలగం వేరు. చీకటి విడవకముందే ఊరు చుట్టూ దిగ్బంధం వేశారు. సైనిక ఫిరంగి ముందు బర్మారు ఏం చేస్తుంది? బురుజు మీదివాళ్లు చనిపోయాక ఊళ్లోకి దారి దొరికింది. తూటాలు పొదుపు చేయడానికి మనుషుల్ని ఒకరి వెనక ఒకర్ని నిలబెట్టి ఒకే తూటాతో ఎక్కువమందిని కూల్చారని బతికి బయటపడినవాళ్లు చెప్పిన మాట దాదాపు అన్ని కథనాల్లోనూ కనిపిస్తుంది. ఆడవాళ్లపై అత్యాచారాలు జరిగాయి. కొందరు బావుల్లో దూకారు.

ఫిరంగి, దిగ్బంధం, తెల్లవారుజాము సమయం – ఈ మూడూ కలిసి చెప్పేదేమిటంటే, ఇది కోపం వచ్చిన గుంపు చేసిన పని కాదు. రజాకార్ల దగ్గర బందూకులు ఉండొచ్చు, సైన్యం కదలాలంటే మాత్రం పైనుంచి అనుమతి కావాలి. ఒక డిప్యూటీ కలెక్టరే స్వయంగా బలగాలను నడిపించాడని స్థానిక కథనాలు చెబుతాయి. జన స్మృతిలో పోలీసు, సైన్యం, రెవెన్యూ అధికారి అందరూ రజాకార్లలో కలిసిపోయారు. దానివల్ల ఎక్కువ లాభపడింది ప్రభుత్వమే.

శిక్షలు, తప్పించుకున్నవాళ్లు

సెప్టెంబరు 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వంలో భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది; దీన్నే పోలీసు చర్య అంటారు. రజ్వీని అరెస్టు చేసి ప్రత్యేక ట్రిబ్యునల్ ముందు నిలబెట్టారు. ఆయనకు పడిన 7 ఏళ్ల కఠిన శిక్ష 1948 జనవరిలో బీబీనగర్ గ్రామంపై జరిగిన దాడి, దోపిడీ కేసులోనిది. ఆ శిక్షను 1953లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో సమర్థించింది. ప్రత్యేక ట్రిబ్యునల్ విచారణ పద్ధతి రాజ్యాంగబద్ధమేనా అన్న విషయంలో ఆ ధర్మాసనంలోనే భిన్నాభిప్రాయం వచ్చింది. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హత్య కేసు కూడా రజ్వీపై నడిచింది గానీ, అది చివరికి నిలవలేదు. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిన రజ్వీ 1970లో కరాచీలో చనిపోయాడు. అంటే, రజాకార్ల అధినేతకు చివరికి మిగిలిన శిక్ష ఒక గ్రామ దోపిడీకి సంబంధించినది. భైరాన్‌పల్లి శవాలు ఆ లెక్కలోకి రానే లేదు.

లాయక్ అలీ గృహ నిర్బంధంలోంచి 1950 మార్చిలో తప్పించుకుని కరాచీ చేరాడు. తర్వాత 1962లో ఆయన రాసిన పుస్తకంలో హైదరాబాదే బాధిత పక్షం.

నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ వైఖరి ఇంకా ఆసక్తికరం. సెప్టెంబరు 23న రేడియోలో మాట్లాడుతూ, రజ్వీ ముఠా హిట్లర్ తరహా పద్ధతులతో రాజ్యాన్ని చేజిక్కించుకుందని, లాయక్ అలీ మంత్రివర్గాన్ని తనపై బలవంతంగా రుద్దారని, తాను నిస్సహాయుడినైపోయానని చెప్పుకున్నాడు. ఈ వాదనలో కొంత నిజం ఉంది: 1947 అక్టోబరులో చర్చలకు వెళ్లాల్సిన ప్రతినిధుల ఇళ్లను రజ్వీ మనుషులు చుట్టుముట్టారు. ఆ తర్వాత పది నెలలకు పైగా పోలీసులు, సైన్యం, ఖజానా నిజాం పేరు మీదే నడిచాయి. అయినా ఢిల్లీకి ఆ నిస్సహాయత కథే అనుకూలంగా ఉంది. రజ్వీ ఒక్కడూ దోషి అయితే రాజును కొత్త వ్యవస్థలో కలుపుకోవడం సులువు. 1950 జనవరి 26న ఉస్మాన్ అలీఖాన్ హైదరాబాద్ రాష్ట్ర రాజప్రముఖ్ అయ్యాడు, 1956 అక్టోబరు 31 దాకా కొనసాగాడు.

దేశ్‌ముఖ్‌ల విషయంలో జరిగింది మరీ మౌనంగా సాగిపోయింది. పట్నాలకు పారిపోయిన దొరలు పోలీసు చర్య తర్వాత గాంధీ టోపీలతో తిరిగొచ్చి భూములు అడిగారని కమ్యూనిస్టు నాయకులు రాశారు. 1951 అక్టోబరులో పార్టీ పోరాటం విరమించేదాకా, సైన్యం వేట సాగింది భూములు పంచుకున్న రైతుల కోసం.

యూటా ఉదాహరణ

బాధ్యత ఎలా కుంచించుకుపోతుందో చూడటానికి అమెరికా చరిత్రలో ఒక కేసు పనికొస్తుంది. 1857 సెప్టెంబరులో దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్ వద్ద, ఆర్కన్సా నుంచి కాలిఫోర్నియా వెళుతున్న వలస బండ్ల బృందంలో సుమారు 120 మందిని మార్మన్ మిలీషియా చంపింది; తెల్లజెండా చూపి, కాపాడతామని నమ్మించి, బయటికి రప్పించి మరీ చంపింది. 17 మంది పసిపిల్లలు మాత్రం మిగిలారు. నింద మొదట పైయూట్ ఆదివాసుల మీదికి నెట్టారు. 1874లో తొమ్మిది మందిపై అభియోగాలు పెట్టినా, దోషిగా తేలింది జాన్ డి. లీ ఒక్కడే. 1877 మార్చి 23న అదే చోట అతన్ని కాల్చి శిక్ష అమలు చేశారు. చర్చి అధినేత బ్రిగమ్ యంగ్ పాత్ర ఎంతన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. 2007లో చర్చి అధికారికంగా విచారం వ్యక్తం చేసింది.

అక్కడ ఒక కింది స్థాయి నాయకుడు అందరి తరఫున ప్రాణమిచ్చాడు. ఇక్కడ పై నాయకుడికి చిన్న నేరానికి శిక్ష పడింది, కింద తుపాకులు పట్టినవాళ్లు జనంలో కలిసిపోయారు. రెండు చోట్లా మధ్య శ్రేణి అధికారులే ఎక్కువ తప్పించుకున్నారు.

రెండో లెక్క

భైరాన్‌పల్లి బాధ్యతను ఒక మతం మీదికి తోసేయడం పోలీసు చర్య నాటికే మొదలైంది. సైన్యం ప్రవేశించాక ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలపై ప్రతీకార హత్యలు జరిగాయి. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. చచ్చినవాళ్లలో అత్యధికులు రజాకార్లు కారు, ఆ ఊళ్ల సామాన్యులు. రజాకార్ల అరాచకాన్ని నిర్భయంగా ఖండించి, భైరాన్‌పల్లికి కొన్ని రోజుల ముందు కాచిగూడలో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే.

ప్రస్తుత స్థితి

సెప్టెంబరు 17ను కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి విమోచన దినంగా జరుపుతోంది, 2024లో నోటిఫై కూడా చేసింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవమంది. ప్రభుత్వం మారాక, 2024లో అది ప్రజా పాలన దినోత్సవమైంది. కమ్యూనిస్టులు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతారు. విమోచన సభల్లో రజ్వీ, నిజాం వినిపిస్తారు, దేశ్‌ముఖ్ వినిపించడు. వారోత్సవాల్లో విసునూరు దొర పేరు మారుమోగుతుంది, ఢిల్లీ నిజాంతో కుదుర్చుకున్న సర్దుబాటు తీవ్రంగా విమర్శకు గురవుతుంది. ఈ రెండు వర్ణనల్లో పాలకుర్తి ప్రాంతానికి దగ్గరగా ఉన్నది రెండోదే అయినా, నిషేధం ఎత్తేసిన కాలంలో పార్టీకి సంస్థాన ప్రభుత్వంతో ఉన్న సంబంధం గురించి అందులోనూ పెద్దగా వినపడదు.

భైరాన్‌పల్లిలో బురుజు నిలిచే ఉంది, పక్కన అమరుల స్తూపం ఉంది. తమవాళ్లను స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తించాలని కుటుంబాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. సమరయోధుల పింఛను పథకం ప్రధానంగా జైలు శిక్ష, అజ్ఞాతవాసం రికార్డుల మీద ఆధారపడింది. ఊరి బయట వరుసలో నిలబడి చనిపోయినవాడికి జైలు రికార్డు ఎక్కడిది? రజ్వీ మీద బీబీనగర్‌తో పాటు భైరాన్‌పల్లి కేసు కూడా నడిపి ఉంటే, ఆ తీర్పు ప్రతే ఈ కుటుంబాలకు రికార్డుగా పనికొచ్చేది.