అతుకుపని

పోయిన చలికాలం అమ్మమ్మ బొంతని వాషింగ్ మెషీన్‌లో వేశాను. వేయొద్దని అమ్మ ఫోన్‌లో చెబుతూనే ఉంది. బయటికి తీసేసరికి ఒక మూల జానెడు మేర విచ్చుకుపోయి, లోపలి పొరలు వేలాడుతున్నాయి. బాగు చేద్దామని కూర్చున్నదాన్ని, చూస్తూ చూస్తూ ఇంకొంచెం విప్పాను. పైన పువ్వుల వాయిల్ చీర. దాని కింద తాతయ్య పంచె, ఉతికీ ఉతికీ దోమతెరలా పలచబడింది. దాని కింద గళ్ళ లుంగీ ముక్క, ఎవరిదో స్కూలు లంగా, నీలం రంగు ఇంకా పూర్తిగా పోలేదు. వాటన్నిటి మధ్యలో, నేను అస్సలు అనుకోనిది, ఇంకో బొంత. చిన్నది, పసిపిల్లల కింద వేసేది. చిరిగిపోయినా పారేయబుద్ధి కాక, మెత్తగా ఉంటుందని కొత్త బొంతలో పెట్టి కుట్టేసినట్టున్నారు.

ఫోటో పంపితే అమ్మ గుర్తుపట్టింది. అది తన బొంతే. అంటే అరవైల నాటిది.

మన భాషకి బొంత మీద పెద్ద గౌరవం ఉన్నట్టు లేదు. సంకీర్ణ ప్రభుత్వం ఊగిసలాడుతుంటే పేపర్లు దాన్ని అతుకుల బొంత అంటాయి. ఇద్దరికిద్దరూ సరిపోయారని వెక్కిరించాలంటే గంతకు తగ్గ బొంత. ఈ మాటలు పుట్టించినవాళ్ళు బొంత కప్పుకుని ఉంటారు కానీ, విప్పి మాత్రం ఉండరు. నాకు ఆ ఒక్క మూల విప్పడానికే రెండు సాయంత్రాలు పట్టింది. పాత నూలు బట్ట ఒక పొరగా ఉంటే వేలు తగిలినా చిరుగుతుంది. అదే ఐదారు పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంగుళానికి రెండు మూడు కుట్ల చొప్పున దగ్గర దగ్గరగా వరసలు వేస్తే, ఏ పొరా ఒంటరిగా బరువు మోయదు. లాగినప్పుడు ఆ లాగుడు వందల కుట్లకి పంచబడుతుంది. కొత్త బట్ట దీనికి పనికిరాదు. గంజి బిగువు ఉంటుంది, సూది దిగదు, రంగు కారుతుంది. ఇరవై ఏళ్ళు ఒంటి మీద నలిగి మెత్తబడ్డ బట్టే కావాలి.

కుట్టడం నేను చూశాను. వేసవి సెలవుల్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, నడవాలో చీరలు పరిచి నాలుగు మూలలా ఇత్తడి చెంబులు పెట్టేవాళ్ళు. ముడతలు పోయేలా లాగి పట్టుకోవడం పిల్లల పని. ముందు పొరలు కదలకుండా పొడుగ్గా టాకాలు. తర్వాత అమ్మమ్మ ఒకవైపు, పక్కింటి పిన్నిగారు ఇంకోవైపు, అంచు నుంచి లోపలికి చతురస్రంలో చతురస్రంగా కుట్టుకుంటూ వచ్చేవాళ్ళు. కిందికీ పైకీ సూది దూరుతూ పోయే మామూలు కుట్టే, వేరే విద్యేం లేదు. అందుకే కళ్ళు దాని మీద ఉన్నా నోరు ఖాళీగా ఉండేది. ఊళ్ళో ఎవరి పెళ్ళి ఎందుకు తప్పిపోయిందో నాకు తెలిసింది బొంత దగ్గరే. ఆ బొంత అయిపోతుంటే వాళ్ళిద్దరికీ కొంచెం దిగులుగా ఉండేదని ఇప్పుడనిపిస్తుంది. చివరి వరసలు ఎప్పుడూ నెమ్మదిగా సాగేవి.

ఇలాంటి బొంతల్ని ఎవరైనా పట్టించుకున్నారా అని వెతికితే మొదట కనిపించేది బెంగాల్. అక్కడి కంథా కూడా ఇదే పని: పాత చీరలు, పాత ధోవతులు, చీర అంచులోంచి లాగిన రంగు దారం. కాకపోతే పొరల్ని కలిపే కుట్టుతోనే అక్కడ తామరపువ్వులూ ఏనుగులూ రథాలూ మనుషులూ తయారయ్యారు. ఐసీఎస్ అధికారిగా జిల్లాలు తిరిగిన గురుసదయ్ దత్, ఆ తిరుగుళ్ళలోనే పల్లె ఇళ్ళ నుంచి కంథాలు సేకరించాడు. కోల్‌కతా శివారు జోకాలో ఆయన పేరుతో ఉన్న మ్యూజియంలో 19వ శతాబ్దపు కంథా ఒకటుంది. కుట్టినామె మానదాసుందరి దాసి. సిపాయిలనీ దొరలనీ కుట్టడమే కాదు, దీన్ని నా తండ్రి కోసం నేనే కుట్టాను అనే అర్థం వచ్చేలా అక్షరాలు కూడా కుట్టింది. ఆ రోజుల్లో ఆడపిల్ల తన పేరు రాసుకోగలిగిన చోట్లు ఎన్ని ఉంటాయి? ఆమె సూదితో రాసుకుంది. 1929లో జసీముద్దీన్ రాసిన ‘నక్షీ కంథార్ మాఠ్’లో కూడా భర్త దూరమైన ఒక పల్లెటూరి అమ్మాయి తన కథంతా కంథా మీద కుట్టుకుంటుంది. బెంగాలీ సాహిత్యంలో బొంత ఏకంగా కావ్యమైంది, మన దగ్గర తిట్టైంది.

మా అమ్మమ్మ పేరు బొంత మీద లేదు. కానీ ఆ చిన్న బొంత అంచు దగ్గర వేరే దారం కనిపించింది. మిగతాదంతా మామూలు రంగు దారం. అంచు మాత్రం తెల్లగా, నున్నగా, ఇప్పటికీ మెరుస్తూ ఉంది. అమ్మని అడిగితే నవ్వింది. “లేసు దారం అది. ఏజెంటు ఇచ్చిన దాంట్లో మిగిలిందేమో.”

అమ్మమ్మ లేసు అల్లేదని నాకు తెలుసు. పాలకొల్లు దగ్గర పల్లెటూరు వాళ్ళది, ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు లేసు అల్లడం వింతేం కాదు. ఒకసారి అడిగాను కూడా, అప్పట్లో ఏం పని చేసేదానివి అమ్మమ్మా అని. “పనేంటే అది! ఊరికే కూర్చోలేక” అంది. ఆ మాట అప్పుడు ముద్దుగా అనిపించింది. చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకం చదువుతుంటే మళ్ళీ గుర్తొచ్చింది, ఈసారి ముద్దుగా లేదు.

లేసు గోదావరి జిల్లాలకి బయటి నుంచి వచ్చిన విద్య. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్‌రే అనే మిషనరీ దంపతులు ఎగువన దుమ్ముగూడెంలో స్థానిక స్త్రీలకి నేర్పారని చెబుతారు. అక్కడి నుంచి అది గోదావరి వెంబడే దిగువకి వచ్చి నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడింది. క్రైస్తవంలోకి వచ్చిన పేద ఆడవాళ్ళకి నాలుగు డబ్బులొచ్చే దారి చూపించడం మిషనరీల ఉద్దేశం. అల్లినవాటిని వాళ్ళే సొంత దేశంలో పరిచయస్తులకి అమ్మిపెట్టేవాళ్ళు. తర్వాత వ్యాపారులొచ్చారు, ఎగుమతులొచ్చాయి. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లింది తనే పట్టుకుపోతాడు. ఇల్లు కదలక్కర్లేదు. సరిగ్గా అందుకే, పొలం పనికి వెళ్ళడం పరువు తక్కువనుకునే, ఘోషా పాటించే పేద కాపు కుటుంబాల ఆడవాళ్ళు కూడా ఈ పనిలోకి వచ్చారు.

నేను చెబుతున్న పుస్తకం మరియా మీస్ రాసిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త, 1970ల చివర ఈ ఊళ్ళలో తిరిగింది, 1982లో పుస్తకం వచ్చింది. వేల మంది ఆడవాళ్ళు ఇంటిపని అంతా చేసుకుంటూనే రోజుకి ఆరేడు గంటలు లేసు అల్లుతున్నారు. వాళ్ళ లేసు విదేశాల్లో బల్లల మీద పరుచుకుంటోంది. వాళ్ళకి ముట్టేది మాత్రం పొలంలో కూలికెళ్ళే ఆడమనిషి సంపాదన కన్నా తక్కువ. అయినా, నీడపట్టున కూర్చుని చేసుకుంటున్నాం కాబట్టి కూలికెళ్ళే ఆడవాళ్ళ కన్నా మేం ఒక మెట్టు పైనే అనే భావన వాళ్ళది. వాళ్ళు కార్మికుల లెక్కలోకి రారు, గృహిణులు. అది పని కాదు, తీరిక వేళ కాలక్షేపం. ఏజెంటూ అదే అంటాడు, ఎగుమతిదారూ అదే అంటాడు, ప్రభుత్వం లెక్కా అదే అంటుంది. చివరికి మా అమ్మమ్మా అదే అంది.

ఆ పుస్తకంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది, అది తెలుగు మాటే: అతుకుపని. లేసు మొత్తం ఒకరే అల్లరు. కొందరు పువ్వులు మాత్రమే అల్లుతారు, రోజంతా పువ్వులే. ఆ పువ్వుల్ని కలిపి దుప్పటిగానో టేబుల్ గుడ్డగానో చేసేది అతుకుపని తెలిసిన వేరే ఆడవాళ్ళు. పువ్వు అల్లినామెకి తన పువ్వు ఎక్కడికెళ్ళి దేంట్లో కలిసిందో కనపడదు. అమ్మమ్మ ఎన్ని వేల పువ్వులు అల్లి ఉంటుందో. మా ఇంట్లో ఒక్కటీ లేదు. పాడైపోయిన బట్టలతో కుట్టిన బొంత ఉంది, డబ్బొచ్చిన పని తాలూకు గుర్తుగా దాని అంచుకి బెత్తెడు దారం ఉంది.

మీస్ కోపం న్యాయమైందే. ఆమె అడిగిన ప్రశ్న శ్రమ గురించి, దోపిడీ గురించి. కానీ నా ప్రశ్న ఇంకొకటి మిగిలిపోతుంది. అమ్మమ్మ ‘ఊరికే కూర్చోలేక’ అన్నది పూర్తిగా అబద్ధమా? ఎవరో నేర్పించి పలికించిన మాటేనా? నాకలా అనిపించదు. చేతిలో దారం నడుస్తుంటే లోపల ఏదో సర్దుకుంటుంది. కుట్టేవాళ్ళకి, అల్లేవాళ్ళకి అది తెలుసు. ఒక వరస పూర్తయితే అది కళ్ళెదుట కనిపిస్తుంది, వంటలా గంటలో మాయమవదు, గిన్నెల్లా మళ్ళీ సింకులో చేరదు. ఇంటి చాకిరీ అంతట్లో చేసింది చేసినట్టు నిలిచి ఉండే పని ఇదొక్కటే. ఆ సంతోషం నిజం. ఆ సంతోషాన్ని కూలిలోంచి కోసేశారన్నదీ నిజం. ఇష్టంగానే చేస్తుందిగా, మళ్ళీ డబ్బులెందుకు? ఈ లెక్క లేసుతో ఆగలేదు, టీచర్లకీ నర్సులకీ అనువాదకులకీ ఇప్పటికీ ఇదే చెబుతుంటారు (చివరిది సొంత అనుభవం, వదిలేద్దాం).

ఇంగ్లండ్ ఆడవాళ్ళ ఎంబ్రాయిడరీ మీద రోజికా పార్కర్ 1984లో ‘ది సబ్‌వర్సివ్ స్టిచ్’ అని ఒక చరిత్ర రాసింది. అణకువ నేర్పడానికి ఆడపిల్లల చేతికి సూది ఇచ్చారు, ఆ సూదితోనే వాళ్ళు తమకంటూ ఒక చోటు కుట్టుకున్నారు అంటుంది. రెండిట్లో ఏదో ఒకటే నిజమని తేల్చకపోవడం వల్లే ఆ పుస్తకం నాకిష్టం.

మగవాళ్ళకి కూడా ఇంట్లో ఆడవాళ్ళ కుట్టు మీద కథలు అల్లడం ఇష్టమే. 1924లో జి. రామచంద్రన్ అనే విద్యార్థి, మీరు యంత్రాలన్నిటికీ వ్యతిరేకులా అని గాంధీని అడిగాడు. కుట్టుమిషన్‌కి మినహాయింపు ఇచ్చాడాయన. భార్య చేత్తో కుట్టలేక అవస్థ పడుతుంటే చూడలేక, ప్రేమకొద్దీ సింగర్ దాన్ని కనిపెట్టాడని కారణం కూడా చెప్పాడు. చక్కటి కథ, కాకపోతే జరగలేదు. ఐజాక్ సింగర్ నాటకాలాడుతూ తిరిగిన మనిషి. డబ్బొచ్చే దారి వెతుక్కుంటూ బోస్టన్‌లో ఒక వర్క్‌షాపులో అప్పటికే ఉన్న యంత్రాన్ని మెరుగుపరిచి 1851లో పేటెంట్ తీసుకున్నాడు. సంసారాలు ఒకటి కాదు. ఒకరికి తెలియకుండా ఒకరితో నడిపినవి. ఆ మిషన్ ఇంటింటికీ చేరడానికి కారణం ప్రేమ కన్నా వాయిదాల పద్ధతి. దాన్ని మొదలుపెట్టింది సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్, 1856లో.

గాంధీ కథ ఎలా ఉన్నా, కుట్టుమిషన్‌కి మన దగ్గర ఆ పవిత్రత అంటుకునే ఉంది. తెలుగు సినిమాలో భర్త పోయిన తల్లి రాత్రిళ్ళు మిషన్ తొక్కే కొడుకుని చదివిస్తుంది. అంత కష్టంలోనూ ఆమె గడప దాటక్కర్లేదు. ఎన్నికలొస్తే ఆడవాళ్ళకి పంచేదీ అదే. ఇంట్లోనే ఉండి సంపాదించుకోమ్మా అనడం, ఏజెంటు దారం తెచ్చిచ్చిన నాటి నుంచి మారని మాట.

నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ వార్త చదివిన వారమే నేను హైదరాబాద్‌లో ఒక ఎంబ్రాయిడరీ వర్క్‌షాపుకి డబ్బు కట్టి వెళ్ళాను. పన్నెండు మందిమి, గుండ్రటి చెక్క ఫ్రేములు, ఫిల్టర్ కాఫీ. గొలుసు కుట్టు, కాడ కుట్టు నేర్పారు. మూడు గంటలు ఫోన్ ముట్టుకోలేదు. చాలా బాగుంది, దాచుకోవడమెందుకు. తీరిక వేళ అన్న మాట మా పన్నెండు మంది విషయంలో అక్షరాలా నిజం, ఆ తీరిక కొనుక్కుని మరీ వచ్చాం. ఇంటికొచ్చి బొంత ముందు పెట్టుకుంటే, నేర్చుకున్న ఏ కుట్టూ దానికి అక్కర్లేదు.

ఇంకొకరైతే దాన్ని ఫ్రేం కట్టించి గోడకి తగిలించేవాళ్ళు. ఒక స్నేహితురాలు అదే సలహా ఇచ్చింది. నాకెందుకో మనసొప్పలేదు. సంక్రాంతికి అమ్మ వచ్చినప్పుడు తనతో పాటు అమ్మమ్మ ఆఖర్న కట్టుకున్న నేత చీర తెచ్చింది. చిన్న బొంతని దాని చోట్లో దాన్ని పెట్టి, పాత పొరలు సర్ది, పైన ఆ చీర పరిచాం. చెంబులు లేవు, నా పుస్తకాలే నాలుగు మూలలా బరువు. మరియా మీస్ ఒక మూల పడింది, ప్లాన్ చేసి కాదు, లావుగా ఉన్నవేవో అందుకున్నాను.

నేను వర్క్‌షాపు పద్ధతిలో చిన్న చిన్న కుట్లు వేస్తుంటే అమ్మ కాసేపు చూసింది. “అంత సన్నంగా కుడితే ఉగాదికి కూడా అవదు” అని, కళ్ళజోడు తుడుచుకుని, రెండో సూదికి దారం ఎక్కించుకుని అటువైపు కూర్చుంది. ఒక వరస అయ్యేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

“ఏదైనా చెప్పవే,” అంది, “ఊరికే కుడుతుంటే నిద్రొస్తుంది.”