పాత రేడియోలు – దాగియున్న విద్యుత్తు

గడచిన వేసవిలో మేము నరసరావుపేటలో ఒక మిత్రుని ఇంట రెండు దినములు విడిసితిమి. ఆ యింటి వసారాలో, బల్లమీద, అటకనుండి దింపిన పాత మైకుసెట్టు ఒకటి ఉండెను. మిత్రుని తండ్రిగారు దానిని అద్దెల కిచ్చెడివారు. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల ముందు, హరికథలలో, పద్యనాటకములలో, పెండ్లి పందిళ్లలో అది ఎన్ని గొంతులను ఎంత దూరము మోసినదో లెక్క లేదు. ఇపుడు మిత్రుని మనుమడు దాని ట్రాన్స్‌ఫార్మర్లను, వాల్వులను తీసి వేరొక సెట్టునకు వాడుకొనవలెనని ఉబలాటపడుచుండెను. రెక్టిఫయరు తప్ప తక్కిన వాల్వులన్నిటిని ఊడదీసి, ట్రాన్స్‌ఫార్మరు పనిచేయుచున్నదో లేదో చూచుటకై ఒక నిమిషము కరెంటు ఇచ్చి, ప్లగ్గు పీకి, సెట్టును బోర్లించి లోపల చేయి పెట్టబోయెను.

మాతో కూర్చుండిన వృద్ధుడొకరు ఒక్క ఉదుటున లేచిరి. నలువది యేండ్లు రేడియో మరమ్మతు దుకాణము నడపినవారాయన.

"ఒరేయ్ అబ్బాయి, ముందు చెయ్యి తియ్యి!"

"ప్లగ్గు పీకేశాను గదా తాతా, ఇంకా కరెంటు ఎక్కడుంటుంది?"

ఆయన బదులు పలుకక మీటరు తెప్పించి, దాని తీగలను ఒక అల్యూమినియము డబ్బీకి తాకించిరి. ముల్లు నాలుగు వందల వోల్టులు దాటి నిలిచెను. కుర్రవాని ముఖము తెల్లవారెను.

ఆ డబ్బీ పేరు కండెన్సరు. నేటివారు దానిని కెపాసిటరు అందురు. దాని కథ రేడియోకంటె చాల పాతది. 1745 అక్టోబరులో పొమరేనియా ప్రాంతమున క్లైస్ట్ అను మతాధికారియు, కొద్ది మాసములకు హాలండు దేశమందలి లైడెన్ నగరమున ముషెన్‌బ్రోక్ అను ఆచార్యుడును, ఒకరి నెరుగక ఒకరు, గాజు పాత్రలో విద్యుత్తును నిలువచేయు మార్గమును కనుగొనిరి. ఇద్దరికిని అది చేతి దెబ్బతోనే తెలిసివచ్చినది. ఫ్రాన్సు రాజ్యమంతయు ఇచ్చినను అట్టి దెబ్బ మరల తినజాలనని ముషెన్‌బ్రోక్ పారిసునకు వ్రాసెను. అయినను లోకమునకు భయముకంటె వేడుక మెండు. 1746లో నోలే అను ఫ్రెంచి పండితుడు రాజు సమక్షమున 180 మంది భటులను చేయి చేయి పట్టించి నిలిపి, ఒక్క సీసా విద్యుత్తుతో అందరిని ఒక్కమారుగా ఎగిరిపడునట్లు చేసెను.

ఈ సీసాల తత్త్వమును చక్కగా వివరించినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆయనయు ఈ ప్రమాదమును తప్పించుకొనలేదు. 1750 డిసెంబరులో, క్రిస్మసునకు ముందు ఒక సాయంకాలము, రెండు పెద్ద సీసాల విద్యుత్తుతో టర్కీ కోడిని చంపబోయి, ఆ దెబ్బను తానే తిని స్పృహ తప్పెను. చుట్టు చేరినవారి మాటలలో పడి తాను ఏమరితినని ఆయనయే ఒక లేఖలో ఒప్పుకొనెను. తెలియనివానికే కాదు, తెలిసి ఏమరినవానికి గూడ కండెన్సరు దయ చూపదు. అందుచేతనే నాటి ప్రయోగశాలలలో గాజు పిడి గల ఇత్తడి కొంకి ఒకటి వాడుకకు వచ్చినది. సీసాను ఖాళీచేయుటకు చేతిని గాక ఆ కొంకిని వాడెడివారు.

1896లో కారల్ పొలాక్ అను పోలిష్ శాస్త్రజ్ఞుడు అల్యూమినియముపై ఏర్పడు మిక్కిలి పలుచని ఆక్సైడు పొరనే గాజునకు బదులుగా వాడవచ్చునని చూపెను. పొర ఎంత పలుచన అయినచో నిలువ అంత పెరుగును. దానివలన గదియంత సీసాల వరుసలో పట్టు విద్యుత్తు బొటనవ్రేలియంత డబ్బీలో ఇమిడినది. గోడనుండి వచ్చు కరెంటులోని ఒడుదుడుకులను సవరించి, గుర్రుమను రొద లేకుండ పాట వినిపించునది రేడియోలోని ఈ డబ్బీయే.

తెలుగువారికి రేడియో పరిచయమైనది మద్రాసు ద్వారమున. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు ప్రారంభించెను. 1930లో నగర కార్పొరేషను ఆ భారమును వహించెను. 1938 జూన్ 16న అచట ఆకాశవాణి కేంద్రము వెలసినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమగుటతో పల్నాటికి రేడియో పొరుగింటి మాట అయినది. విద్యుత్తీగలు చేరని పల్లెలలో 90 వోల్టుల డ్రై బ్యాటరీతోనో, మోటారు బ్యాటరీతోనో సెట్లు పలికెడివి. తీగలు వచ్చిన వెనుక గోడ ప్లగ్గుతో నడచు వాల్వు సెట్లు వచ్చినవి. వానితోనే ఎక్కువ వోల్టుల కండెన్సర్లును ఇండ్లలో ప్రవేశించినవి.

వీని ప్రమాదమునందు ఒక విచిత్రమున్నది. చక్కగా పాడుచున్న వాల్వు సెట్టును కట్టివేసినపుడు, వేడి చల్లారని వాల్వులే లోపలి విద్యుత్తును కొన్ని క్షణములలో త్రాగివేయును. వాల్వులు మాడిన, లేదా ఊడదీసిన సెట్టులో ఆ విద్యుత్తునకు పోవు దారి లేదు. పైగా వాడుకొనువారు లేనందున వోల్టేజి మామూలుకంటె పైకి పోవును. అనగా పాడు రేడియోకంటె పాడైన రేడియోయే భయంకరము! 100 మైక్రోఫారడ్ల కండెన్సరులో 400 వోల్టుల వద్ద 8 జౌలుల శక్తి ఉండును. కిలో బరువును సుమారు 80 సెంటీమీటర్లు ఎత్తుటకు చాలిన శక్తి అది. అది రెప్పపాటులో ఒక చేతినుండి ఇంకొక చేతికి రొమ్ముమీదుగా ప్రవహించినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ పెద్దాయన కుర్రవానికి చేసి చూపిన పద్ధతి ఇది. స్విచ్చి కట్టుట చాలదు, ప్లగ్గు పీకి కంటికి కనబడునట్లు ఉంచవలెను. కొన్ని పాత ఏసీ–డీసీ సెట్లలో ఇనుప ఛాసీయే కరెంటు తీగకు తగిలియుండును. పనిచేయునపుడు ఎడమచేయి జేబులో ఉండవలెను. 10,000 ఓముల, 5 వాట్లకు తక్కువ కాని తీగచుట్ట రెసిస్టెన్సు నొకదానిని తీసికొని, దాని రెండు కొసలకు రబ్బరు తొడుగు గల తీగలు కట్టి, ఒక కొసను ఛాసీకి క్లిప్పుతో బిగించి, రెండవదానిని పొడి పిడితో పట్టి కండెన్సరు ధన కొసకు తాకించవలెను. కండెన్సరు ఋణ కొస ఛాసీకి గాక వేరుచోట కలిపియున్నచో క్లిప్పును ఆ కొసకే బిగించవలెను. 100 మైక్రోఫారడ్లకు 5 సెకండ్లలో 400 వోల్టులు 3 వోల్టుల లోపునకు దిగును. అయినను పదిహేను, ఇరువది సెకండ్లు పట్టియుంచుట మేలు. పిమ్మట మీటరుతో చూడవలెను. ప్రతి కండెన్సరును వేరువేరుగ చూడవలెను.

"స్క్రూడ్రైవరుతో కలిపేస్తే పోదా తాతా?" అని కుర్రవాడు అడిగెను. పోవును. కాని తుపాకి పేలినట్లు శబ్దమగును, లోహము కరిగి కంటిలో పడవచ్చును, ఉలికిపడిన చేయి ఇంకొక తీగపై పడవచ్చును. మెల్లగా ఖాళీచేయుటలోనే క్షేమమున్నది.

రెసిస్టెన్సు తీసిన కొంతసేపటికి మీటరు ముల్లు తనంతట తాను మరల కొద్దిగ పైకి లేచెను. కుర్రవాడు ఆశ్చర్యపోయెను. పొరలో ఇంకిన విద్యుత్తు పిండిన బట్టలోని తడివలె మెల్లగా వెలికి వచ్చుట కండెన్సరు స్వభావము. అందుచే రెండవమారు ఖాళీచేసి, పని ముగియువరకు రెండు కొసలను తీగతో కలిపి ఉంచిరి. తరువాతనే ట్రాన్స్‌ఫార్మర్లు ఊడదీసిరి. పాత కండెన్సర్లను మాత్రము వాడుకొననీయలేదు. ఏండ్ల తరబడి మూలబడిన డబ్బీకి ఒక్కమారుగా పూర్తి వోల్టేజి ఇచ్చిన పగులవచ్చుననియు, ఉదయము కరెంటు ఇచ్చుటయే తప్పనియు మందలించిరి.

ఈ జాగ్రత్త మా యెరుకలో ఏ సెట్టు వెంట వచ్చిన చిన్న పుస్తకమునుండియు ఎవరును నేర్చుకొనలేదు. మరమ్మతు దుకాణములో గురువు శిష్యుని చేతిమీద కొట్టి నేర్పిన విద్య యిది. నేడు ఆ దుకాణములు మూతబడినవి. గురువులు వృద్ధులైరి. సెట్లు మాత్రము మాచెర్లలోను, గురజాలలోను, ఎన్నో యిండ్ల అటకలమీద నేటికిని ఉన్నవి. తాతగారి రేడియోను దింపదలచిన పిల్లవాడు మీ యింట ఉన్నచో, సెట్టు వెనుక అట్ట విప్పకముందే ఈ నాలుగు మాటలు వాని చెవిని వేయుడు. ఆ సాయంకాలము పెద్దాయన తన రెసిస్టెన్సును, తీగలను, క్లిప్పును కుర్రవాని చేతిలో పెట్టి వెళ్లిరి. "ఇది నీ దగ్గరే ఉంచుకో నాయనా, నాకింక పని పడదు" అని మాత్రము అనిరి.