ముక్కోటి నాటి ఉత్తరం

2009 జనవరి 7, బుధవారం. ముక్కోటి ఏకాదశి. మా పైవాటాలో ఉండే లెక్కల మాస్టారు తెల్లవారుజామున నాలుగింటికే తలస్నానం చేసి ఉత్తరద్వార దర్శనానికి వెళ్లారు. మా కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఆ రోజు గుడి ముందు క్యూ వీధి మలుపు తిరిగిపోయింది. ప్రసాదం దొన్నెతో ఆయన మెట్లెక్కేసరికి పదకొండు దాటింది. మా ఇంట్లో టీవీ గట్టిగా మోగుతుంటే గుమ్మంలోనే ఆగారు. తెర కింద ఎర్రపట్టీలో అక్షరాలు పరుగెడుతున్నాయి. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాజీనామా. దాని వెనకాల వచ్చిన వాక్యం చదివి, దొన్నె నా చేతికిచ్చి, కళ్లజోడు పంచె చెంగుతో తుడుచుకుని మళ్లీ చదివారు.

పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వలు కలిపి 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేవు. ఏ ఇన్‌కంటాక్సు వాళ్లో వచ్చి పట్టుకున్నది కాదు ఇది, రామలింగరాజే డైరెక్టర్లకు ఉత్తరం రాసి ఒప్పుకున్నది.

మాస్టారు మా గోడ మీది క్యాలెండర్ అంచున పెన్సిలుతో తీసివేత వేశారు. 321. సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల లాభం 649 కోట్లని కంపెనీ ప్రకటించిందట, నిజానికి వచ్చింది 61. అది విన్నాక ఆయన నవ్వారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో పేపర్లు దిద్దిన మనిషి నవ్వు. "అరవై ఒక్క మార్కులొచ్చిన కుర్రాడు ప్రోగ్రెస్ కార్డులో ఆరొందల నలభై తొమ్మిది దిద్దుకున్నాడండీ. సంతకం పెట్టిన నాన్నగారు కూడా చూసుకోలేదు," అన్నారు. నాన్నగారంటే ఆడిటర్లని కాసేపటికి గాని నాకు వెలగలేదు.

ఆయన దగ్గర ఆరొందల సత్యం షేర్లున్నాయి. మంగళవారం సాయంత్రం వాటి ధర 179. లక్షా ఏడువేల పైచిలుకు. బుధవారం సాయంత్రానికి షేరు 40 దగ్గర ఆగింది. గురువారం మార్కెట్టుకు సెలవు. శుక్రవారం ఇరవై చిల్లరకు పడితే తెగించి అమ్మేశారు. పెద్దమ్మాయి పురిటికని దాచుకున్న డబ్బు.

ఆ బుధవారం ఊరు ఊరంతా ఏడ్చిందంటే అతిశయోక్తి. కానీ ఊరు మాట్లాడటం మానేసిన మాట నిజం. మాదాపూర్‌లో టీ బండి దగ్గర ఒక కుర్రాడు మెడలో వేలాడే సత్యం ఐడీ కార్డు పట్టీ తీసి, చుట్ట చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పక్కనున్నవాడూ తీసేశాడు. నిన్నటి దాకా ఆ పట్టీ మెడలో ఉంటే బస్సులో సీటు దొరికినంత గర్వం. అద్దెకు ఇల్లు చూడబోతే ఓనరు అడ్వాన్సు తగ్గించేవాడు. సినిమా హాలు క్యూలో కూడా తీసేవాళ్లు కాదు.

ఈ గర్వం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. 1987లో సికింద్రాబాద్ పీ అండ్ టీ కాలనీలో ఇరవై మంది లోపు మనుషులతో మొదలైన కంపెనీ అది. రాజు గారిది పశ్చిమగోదావరి జిల్లా, భీమవరం దగ్గర గరగపర్రు. విజయవాడ లయోలాలో బీకాం, ఒహాయోలో ఎంబీయే. అంతకు ముందు నూలుమిల్లు పెట్టారు, కట్టడాల పనీ చేశారు. కంప్యూటరు అంటే రైల్వే రిజర్వేషన్ కౌంటరు అనుకునే రోజుల్లో ఈ వ్యాపారంలోకి దిగారు. 1998లో సైబర్ టవర్స్‌ని వాజ్‌పేయి ప్రారంభించారు, 2000లో క్లింటన్ వచ్చారు. 2000 సంవత్సరం భయంతో అమెరికా కంపెనీలు పాత ప్రోగ్రాములు సరిచేయించుకుంటుంటే, అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ప్రతి మేడ మీదా ఒక కోచింగ్ సెంటరు మొలిచింది. కృష్ణా గోదావరి జిల్లాల్లో రెండెకరాలు అమ్మి కొడుకుని ఇంజనీరింగ్‌లో చేర్చిన రైతుకు ఆ దారి చివర ఏముందో కళ్లకు కట్టించిన పేరు సత్యం. ఇన్ఫోసిస్ కన్నడం వాళ్లది, టీసీఎస్ టాటాలది, ఇది మాత్రం మనవాడిది. న్యూయార్క్ ఎక్స్ఛేంజీకెక్కింది. ప్రపంచకప్ ఫుట్‌బాల్‌కు కంప్యూటర్ సేవల కాంట్రాక్టు పట్టింది. కూలడానికి నాలుగు నెలల ముందు, 2008 సెప్టెంబరులో, కంపెనీని పద్ధతిగా నడుపుతున్నారని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి.

యాభై మూడు వేల మంది ఉద్యోగులు. ఒక్కొక్కరి వెనకా ఒక గృహరుణం, ఒక చెల్లెలి పెళ్లి, ఊళ్లో ఒక తండ్రి. లెక్క అలా పెంచుకుంటూ పోవాలి.

ఇంత పెద్ద గొయ్యి ఎలా పడింది? ఉత్తరంలో ఆయన చెప్పుకున్న ప్రకారం మొదట చిన్న తేడా. ఈ మూడు నెలలకి కాస్త కలిపి చూపిద్దాం, వచ్చే మూడు నెలల్లో సర్దేద్దాం అనుకున్న తేడా. వచ్చే మూడు నెలలకి అది రెండింతలైంది. లేని అమ్మకాలకు దొంగ ఇన్‌వాయిస్‌లు, ఆ అమ్మకాల మీద వచ్చినట్టు చూపిన డబ్బుకు దొంగ ఫిక్సెడ్ డిపాజిట్ రసీదులు. పులి మీద సవారీ చేస్తున్నట్టుంది, దిగితే తినేస్తుంది అని ఆయనే రాసుకున్నారు. దిగడానికి చివరగా వేసిన ఎత్తు అంతకు మూడు వారాల ముందే బయటపడింది. 2008 డిసెంబరు 16న సొంత కుటుంబ కంపెనీలైన మేటాస్ ప్రాపర్టీస్‌ని, మేటాస్ ఇన్‌ఫ్రాని 160 కోట్ల డాలర్లు పెట్టి సత్యం కొనేస్తుందన్నారు. మేటాస్ అంటే ఏమిటో తెలుసుగా. సత్యం అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వెనక నుంచి చదివితే వచ్చేదే. లేని డబ్బు పుస్తకాల్లోంచి బయటికి పోయినట్టు, ఉన్న భూమి లోపలికి వచ్చినట్టు రాసేస్తే తేడా మాయమైపోయేది. వాటాదారులు గోల చేశారు, కొన్ని గంటల్లోనే విరమించుకున్నారు. ఆ రోజే పులి వెనక్కి తిరిగింది.

ఆ భూమి దగ్గర కాసేపు నిలబడాలి. 2001లో పాతిక శాతం పైన ఉన్న కుటుంబం వాటా 2008 నాటికి తొమ్మిది శాతం లోపుకి దిగింది. షేర్లు అమ్మారు, మిగిలినవి తాకట్టు పెట్టారు. ఆ డబ్బు హైదరాబాద్ చుట్టూ వేల ఎకరాలుగా, వందల చిన్న కంపెనీల పేర్ల మీద భూమిలోకి దిగిందని దర్యాప్తులో తేలింది. మెట్రో రైలు కాంట్రాక్టు కూడా మేటాస్ చేతికే వచ్చింది. అందరూ ప్రభుత్వమే ఎంతో కొంత ఇవ్వాలని అడుగుతుంటే, వీళ్లు ఎదురు తామే 30,311 కోట్లు ఇస్తామన్నారు. ఇందులో భూముల ఆశ తప్ప రైలు లెక్క లేదని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ ముందే రాశారు. మన ప్రభుత్వం ఆయన మీదే కోప్పడింది. 2009 జులైలో కాంట్రాక్టు రద్దయింది. నగరం రైలెక్కడానికి 2017 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

ఉత్తరం బయటపడిన వారానికి, సంక్రాంతికి జనం ఊళ్లకు వెళ్లారు. ఆ ఏడు భీమవరం బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రాడు రాత్రంతా నిద్రపోలేదు. తాడేపల్లిగూడెం దాటాక అడిగాడు, "అంకుల్, మా నాన్నకి జీతం పడుతుందని చెప్పొచ్చా?" నేను తలూపాను, నాకేం తెలుసని. ఆ నెల జీతాలు పడ్డాయి. ఆ సంగతి అప్పటికి అతనికీ తెలియదు, నాకూ తెలియదు. పందెం బరుల దగ్గర, కోడిపుంజుల రంగులకంటే ముందు, మీవాడు ఏ కంపెనీలో అన్నదే ప్రశ్న. గరగపర్రు వైపు జనం మాత్రం రాజు గారిని తిట్టలేదు. అక్కడి ఊళ్లలో మంచినీటి ప్లాంట్లు ఆయన కుటుంబానికి చెందిన బైర్రాజు ఫౌండేషన్ పెట్టినవి. బిందె పట్టుకుని నిలబడ్డ ఒకావిడ, "తప్పు చేశాడంటున్నారు బాబూ, నీళ్లు మాత్రం బాగున్నాయి," అంది.

పెళ్లి సంబంధాల మాటా చెప్పాలి. సత్యంలో చేస్తున్నాడు అనే మాటకు డిసెంబరులో ఒక రేటు, ఫిబ్రవరిలో ఇంకో రేటు. పెళ్లిళ్ల పేరయ్యలు ఫోటో కవరు మీద కంపెనీ పేరు రాయడం మానేసి ప్రైవేటు జాబు అని రాశారు. తాంబూలాలు పుచ్చుకున్నవాళ్లు కూడా ముహూర్తం ఆషాఢం దాటాక చూద్దామన్నారు. గవర్నమెంటు ఉద్యోగి, జూనియర్ అసిస్టెంటయినా సరే, మళ్లీ పెళ్లిచూపుల్లో కుర్చీ వెనక్కి వాలి కూర్చున్నాడు.

ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకి 58 రూపాయలు పెట్టి కంపెనీని దక్కించుకుంది. మూడు నెలలు ఆగి ఉంటే మాస్టారికి మూడో వంతు డబ్బు అటూ ఇటూగా వచ్చేది. ఆ మాట ఆయన దగ్గర ఎవరం ఎత్తలేదు. జూన్‌లో వేలమంది ఉద్యోగుల్ని వర్చువల్ పూల్‌లో పెట్టారు. ఆఫీసుకు రానక్కర్లేదు, జీతం కొంతే, ఆర్నెల్లలో పని దొరికితే సరే. మా వీధిలో ఒకబ్బాయి రోజూ తొమ్మిదింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని బైకెక్కి వెళ్లేవాడు. ఎక్కడికో ఎవరం అడగలేదు. ఒకసారి మధ్యాహ్నం జేఎన్‌టీయూ ఎదురుగా చెట్టు కింద బైకు మీద కూర్చుని పెరుగన్నం తింటుంటే చూశాను. నన్ను చూడనట్టే తల వంచుకున్నాడు, నేనూ చూడనట్టే వచ్చేశాను. వాళ్లమ్మకి ఇప్పటికీ తెలియదనుకుంటాను.

ఆ ఏడాది హైదరాబాద్‌కి ఒకదాని తర్వాత ఒకటి దెబ్బలు తగిలాయి. సెప్టెంబరులో ముఖ్యమంత్రి హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. చలికాలానికి తెలంగాణ ఉద్యమం వీధుల్లోకి వచ్చింది. ఈ ఊరు ఎవరిదన్న ప్రశ్న బిగ్గరగా వినపడింది. వాటి ముందు సత్యం చిన్నదైపోయింది, పేపర్లో లోపలి పేజీకి జారింది.

ఒక్కటి మాత్రం జారలేదు. రోజుకు నాలుగుసార్లు మా కాలనీ రోడ్డు మీద 108 అంబులెన్సు కూతపెట్టుకుంటూ పోయేది. 2005 ఆగస్టు 15న ఆ సేవను హైదరాబాద్‌లో మొదలుపెట్టింది రామలింగరాజే. ఒకసారి కిరాణా కొట్టు ముందు నలుగురూ ఆయన్ని దుమ్మెత్తిపోస్తున్నారు. చంచల్‌గూడ జైల్లో షటిల్ ఆడుకుంటున్నాడట అని ఒకడు. సరిగ్గా అప్పుడే సైరన్. అందరూ బళ్లు పక్కకి తీసి దారి ఇచ్చారు. అది పోయాక తిట్టు మళ్లీ ఎక్కడ అందుకోవాలో ఎవరికీ తోచలేదు. కొట్టాయన పంచదార పొట్లం కట్టడం మొదలుపెట్టాడు.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో సహా పదిమందికి ఏడేళ్ల శిక్ష వేసింది. నెల దాటగానే పైకోర్టు ఆ శిక్ష అమలును నిలిపి బెయిలిచ్చింది. అప్పటికి సత్యం అన్న పేరే లేదు. 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. ఇప్పుడు మాదాపూర్‌లో పాతికేళ్ల పిల్లలకు సత్యం అంటే ఒకప్పటి సినిమా హాలు.

ఆ ఉత్తరం నుంచి మేమంతా నేర్చుకున్నది ఏమిటని అడిగితే, నాకు నవ్వూ వస్తుంది, గుబులూ వేస్తుంది. కాగితం మీది డబ్బును నమ్మకూడదని నేర్చుకున్నాం. షేర్లొద్దు, ఎవరి కంపెనీ మాటా వద్దు, కంటికి కనిపించే భూమి ఒక్కటే నికరం. మా కాలనీలో చేతిలో నాలుగు రూపాయలు మిగిలిన ప్రతివాడూ ఆ తర్వాత వెంచర్ల బ్రోషర్లే చదివాడు. నేనూ చదివాను. ఆ మనిషిని ముంచింది సాఫ్ట్‌వేర్ కాదని, నేల మీది ఆశని, అందరం పేపర్లో చదివినవాళ్లమే. పెద్ద ఎత్తున ఆయన చేసినదే, నూటయాభై గజాల లెక్కన మేం చేశాం. ఆయన మీద నాకు కోపం నిలవకపోవడానికి ఇదే కారణమేమో.

మాస్టారు కూడా 2010లో శంకర్‌పల్లి వైపు ఒక బిట్టు కొన్నారు. మొన్న వేసవిలో చూసొద్దాం రమ్మంటే స్కూటర్ మీద తీసుకెళ్లాను. వెంచర్ ఆర్చి ఒకవైపు ఒరిగింది. దాని మీద పేరులో సగం అక్షరాలు రాలిపోయాయి. రోడ్డని వేసిన ఎర్రమట్టి మీద తుమ్మలు లేచాయి. ఆయన జేబులోంచి మడతలు చిరిగిన లేఅవుట్ కాగితం తీసి, పడమరకు తిరిగి, అడుగులు లెక్కపెడుతూ నడిచారు. ఒక హద్దురాయి దొరికింది. తెల్లసున్నం పోయి, నెంబరు సగమే ఉంది. రెండోది, మూడోది కూడా దొరికాయి. ఎనభై దాటిన మనిషి, నాలుగోదాని కోసం చేతికర్రతో గడ్డి పక్కకి నెడుతూ, లోపలికి, ఇంకా లోపలికి వెళ్తున్నారు. "మాస్టారూ, పాములుంటాయండీ," అని కేకేశాను. వినపడలేదనుకుంటా.