నూర్ మహమ్మద్

నూర్ మహమ్మద్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, భారత జట్టుకూ ఆడిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు. ఆయనది హాఫ్‌బ్యాక్ స్థానం; నేటి లెక్కలో మిడ్‌ఫీల్డర్.

కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం నెగ్గిన భారత జట్టులో నూర్ ఉన్నారు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే దిగారు. యుగోస్లావియా 10-1తో చిత్తుచేసింది.

మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కథ మారింది. 1956 డిసెంబరు 1న భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. అక్కడ మళ్లీ యుగోస్లావియాయే అడ్డుపడింది. కాంస్య పోరులో బల్గేరియా చేతిలో ఓడిన భారత్ 4వ స్థానంతో సరిపెట్టుకుంది.