మోటుపల్లి అభయశాసనము

ఉత్తరమునుండి చెన్నపట్టణమునకు పోవు రైలుబండి చీరాల, వేటపాలెములు దాటిన పిమ్మట చినగంజాము అను చిన్న స్టేషను వచ్చును. వేగముగా పోవు బండ్లలోని వారికి ఆ పేరు చదువుకొనుటకైన వ్యవధి చిక్కదు. అచ్చట దిగి సముద్రమువైపు సాగినచో మోటుపల్లి గ్రామము వచ్చును. ఉదయము బయలుదేరి సాయంకాలమునకు తిరిగి రాదగిన యాత్ర యిది.

నేడు సామాన్యమైన పల్లెగా కానవచ్చు ఈ యూరు కాకతీయుల కాలమున ఆంధ్రదేశపు ముఖ్యమైన రేవులలో నొకటి. దేశియుయ్యకొండపట్టణమని దీనికి మరియొక పేరు. ఇచ్చటి వీరభద్రాలయమున ఒక స్తంభముపై గణపతిదేవ చక్రవర్తి శా.శ. 1166, అనగా క్రీ.శ. 1244-45లో చెక్కించిన శాసనము కలదు. చరిత్రకారులు దీనినే అభయశాసనమందురు.

పూర్వపు రాజులు, తుఫానులో చిక్కి తమ తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును బలాత్కారముగా గైకొనుచుండిరని శాసనము చెప్పుచున్నది. ఇట్టి ఆచారము ఆంధ్రతీరమునకే పరిమితము కాదు. ఐరోపా తీరములయందును ఏలికలు పగిలిన ఓడలపై హక్కు చెప్పుకొనెడివారు. గణపతిదేవుడు దానిని త్యజించెను. ధనము ప్రాణముకంటెను ప్రియమైనదని యెఱిగి, సముద్రయానమను సాహసమునకు పూనుకొన్న వర్తకులపై దయతోను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నియతమైన సుంకము తప్ప తక్కినదంతయు విడిచిపెట్టుచున్నట్లు ప్రకటించెను.

ఆ సుంకమెంత? ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, పట్టునూలు, మిరియములు మున్నగు సరకులు శాసనమున పేర్కొనబడినవి. ప్రభువు దయ మాటగా మాత్రమే నిలిచినచో రేవునందలి అధికారి ఇష్టమునుబట్టి మారిపోవచ్చును. లెక్కగా రాతికెక్కినపుడు వర్తకుడు దానిని చూపి నిలువగలడు. ఈ శాసనపు గొప్పతనమంతయు ఇందే కలదు.

ఫలితము తరువాతి తరమున కానవచ్చును. పదమూడవ శతాబ్ది చివర ఈ ప్రాంతమును వర్ణించిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో దీనిని ముత్ఫిలి యనెను. సాలెగూడువంటి సన్నని వస్త్రములను, న్యాయముగా పాలించిన రాణిని అతడు ప్రశంసించెను. ఆమెను రాజుయొక్క వితంతువుగా భావించుట అతని పొరపాటు. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి.

కాకతీయ రాజ్యము 1323లో అంతరించినను మాట అంతరింపలేదు. కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి 1358లో ఇచ్చటనే మరల అభయమొసగెను. సంతానము లేక మరణించిన వర్తకుని సొత్తును ప్రభుత్వము గైకొను పద్ధతిని రద్దుచేసెను; వచ్చిన వారు తమ సరకును ఇచ్చవచ్చిన వారికి అమ్ముకొనవచ్చుననెను. మొదటి శాసనము ఓడ పగిలినవానిని, రెండవది దిక్కులేక మరణించినవానిని కాపాడినవి. ఆపదయందున్న వాని సొమ్ము ఖజానాకు ఆదాయము కారాదన్నదే రెండింటి సారము.

ఆలయమున ఆ స్తంభమును దర్శించి సముద్రపుటొడ్డునకు నడచిన యాత్రికునకు ఓడలు కానరావు. అలల ఘోష మాత్రము వినవచ్చును. రేవు పోయినది, రాజ్యములు పోయినవి. పరదేశినుండి తీసికొనదగినదెంతో, తీసికొనరానిదేదో చెప్పిన ఆ రాయి మాత్రము నిలిచియున్నది. ప్రభుత్వ వ్యవహారములతో సంబంధము గలవారు ఒక్కసారియైనను చూడదగిన రాయి యది.