అర సెకను దూరంలో ఉన్న ఆట: ఈ-స్పోర్ట్స్ లీగ్, అండమాన్ దీవులు

విద్యార్థులారా! ఒక పరుగు పందెం ఊహించుకోండి. పందెం మొదలని తుపాకి పేలింది. ఏడుగురికి ఆ శబ్దం వెంటనే వినిపించింది, ఎనిమిదో కుర్రవాడికి మాత్రం అర సెకను ఆలస్యంగా చేరింది. అతడు ఎంత చురుకైనవాడైనా ఆ పందెం గెలవగలడా? 2020కి ముందు పోర్ట్ బ్లెయిర్ నుంచి (2024 సెప్టెంబరులో ఈ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు) ఇంటర్నెట్‌లో ప్రధాన భూభాగపు జట్లతో పోటీకి దిగిన విద్యార్థిది దాదాపు ఇదే పరిస్థితి. జాతీయ స్థాయి ఈ-స్పోర్ట్స్ లీగ్‌ను ఎలా నిర్మిస్తారో తెలుసుకునే ముందు ఈ అర సెకను సంగతి తేల్చుకుందాం.

అప్పట్లో ఈ దీవులకు ఇంటర్నెట్ ఉపగ్రహం ద్వారా వచ్చేది. భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్ళి కిందికి దిగడానికి 72,000 కిలోమీటర్లు ప్రయాణించాలి. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో లెక్క వేస్తే 0.24 సెకను పడుతుంది. మీరు బొత్తాము నొక్కిన సంగతి సర్వర్‌కు తెలియడానికి ఒకసారి, దాని జవాబు మీకు చేరడానికి మరొకసారి, అంటే మొత్తం 0.48 సెకను. ఇది కాంతి వేగం విధించిన ఆలస్యం. ఎంత డబ్బు పోసి ఎంత మంచి యంత్రం కొన్నా దీనిని తగ్గించలేము. ఈ-మెయిల్ పంపేవారికి ఇది లెక్కలోనిది కాదు. ఎదుటివాడు కనబడిన క్షణంలోనే గురిపెట్టవలసిన ఆటలో మాత్రం ఇదే గెలుపోటములను నిర్ణయిస్తుంది.

తీగ లేని దారిలో పోటీలు అండమాన్‌కు కొత్తవేమీ కావు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అక్కడికి వెళ్ళింది. ప్రపంచంలోని హామ్ రేడియో అభిరుచిగాళ్ళు ఎవరు ఎక్కువ చోట్లతో మాట్లాడగలిగారని ఒకరితో ఒకరు పోటీపడుతుంటారు. అరుదుగా దొరికే అండమాన్ సంకేతం వారికి పెద్ద బహుమతి. ఆ సందడిలో ఉండగానే డిసెంబరు 26న సునామీ వచ్చింది. పోటీ ఆగిపోయింది, అవే రేడియోలు క్షేమ సమాచారాలు చేరవేసే పనిలో పడ్డాయి. ఆట కోసం వేసుకున్న దారి ఆపదలో ఎలా అక్కరకు వచ్చిందో గమనించండి.

ఇప్పుడు లీగ్ విషయానికి వద్దాం. ఈ నిర్మాణం మొదట దక్షిణ కొరియాలో రూపు దిద్దుకున్నది. 1997 ఆర్థిక సంక్షోభం తరువాత ఆ దేశం వేగవంతమైన ఇంటర్నెట్ మీద భారీగా పెట్టుబడి పెట్టింది. వీధివీధినా 'పీసీ బాంగ్' అనే కంప్యూటర్ గదులు వెలిశాయి. 1998లో అమెరికా కంపెనీ బ్లిజార్డ్ విడుదల చేసిన 'స్టార్‌క్రాఫ్ట్' ఆట వాటిలో విపరీతంగా ఆడారు. 2000లో కొరియా ఈ-స్పోర్ట్స్ సంఘం ఏర్పడింది. అదే ఏడాది ఆటల కోసమే ఒక టెలివిజన్ ఛానల్ మొదలైంది. 2003లో ప్రోలీగ్ వచ్చింది. ఎస్.కె. టెలికాం, కె.టి., శామ్‌సంగ్ వంటి కంపెనీలు జట్లను పోషించాయి. సంఘం ఆటగాళ్ళను వృత్తి క్రీడాకారులుగా నమోదు చేసేది, ర్యాంకులు ఇచ్చేది, రిఫరీలను పంపేది. 2004లో పుసాన్ సముద్రతీరంలో జరిగిన ఫైనల్‌కు లక్ష మంది దాకా వచ్చారని అప్పట్లో చెప్పుకున్నారు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కబడ్డీకి యజమాని ఎవరు? ఎవరూ లేరు. కూత పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కంప్యూటర్ ఆట అలా కాదు, అది ఒక కంపెనీ ఆస్తి. మా ఆటను మా అనుమతి లేకుండా ప్రసారం చేస్తున్నారని బ్లిజార్డ్ అభ్యంతరం చెప్పింది. వివాదం కోర్టు దాకా పోయి 2011లో గానీ సర్దుకోలేదు. ఆ మధ్యలోనే, 2010లో, బెట్టింగ్ ముఠాల డబ్బు తీసుకుని కావాలని ఓడిపోయారని తేలడంతో సంఘం పదకొండు మంది ఆటగాళ్ళను శాశ్వతంగా బహిష్కరించింది. ప్రోలీగ్ 2016లో ముగిసింది. ఆట చేతిలో ఉన్న కంపెనీయే లీగ్‌ను కూడా నడిపే పద్ధతి తరువాత బలపడింది. అదీ పూచీ లేనిదే. నగరాల పేర్లతో 2018లో ఎంతో ఆర్భాటంగా మొదలైన ఓవర్‌వాచ్ లీగ్ 2023తో మూతపడింది.

మరి మన దేశంలో? 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను యువజన వ్యవహారాలు, క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించి, డబ్బు పందెం ఆటలను నిషేధించింది. కొరియా అనుభవం చదివినవారికి ఈ గీత ఎందుకు గీశారో వేరే చెప్పనక్కరలేదు.

పెద్ద పోటీలు మాత్రం ఇక్కడ కూడా ఎక్కువగా ఆట ప్రచురణకర్తల చేతిలోనే ఉన్నాయి. క్రాఫ్టన్ కంపెనీ నడిపే 'బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా సిరీస్' అందరికీ తెలిసిన ఉదాహరణ. మొదటి మెట్టులో పేరు నమోదు చేసుకున్న జట్లు ఎవరి ఊళ్ళో వారు ఉండి ఆన్‌లైన్‌లో ఆడతాయి. వాటిలో నుంచి వడపోసిన జట్లు ముందే ఆహ్వానం పొందిన వృత్తి జట్లతో తలపడతాయి. చివరికి మిగిలిన పదహారు జట్లు, జట్టుకు నలుగురు చొప్పున, ఒకే వేదిక మీద కూర్చుని ఫైనల్ ఆడతాయి. 2024 జూన్ చివరలో ఈ ఫైనల్ హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగింది, టీమ్ ఎక్స్‌స్పార్క్ గెలిచింది. ఆటగాళ్ళ వెనుక కోచ్, విశ్లేషకుడు, మేనేజర్ ఉంటారు. నిర్వాహకుల వైపు రిఫరీలు, మోసం పట్టే సాంకేతిక నిపుణులు, వ్యాఖ్యాతలు పనిచేస్తారు. ఖర్చులో పెద్ద భాగం ప్రకటనదారుల నుంచి వస్తుంది. అందుకే ప్రకటనలు తగ్గితే లీగ్ ఊపిరి ఆడదు.

ఫైనల్‌ను ఒకే గదిలో ఎందుకు ఆడిస్తారు? ప్రేక్షకుల కోసమని చాలామంది అనుకుంటారు. నా మట్టుకు అసలు కారణం మనం మొదట వేసిన లెక్కలోనే ఉంది. ఒకే స్థానిక నెట్‌వర్క్ మీద అందరికీ ఆలస్యం సమానమవుతుంది. కాని ఆ గదికి చేరాలంటే ముందు ఆన్‌లైన్ మెట్టు దాటాలి. దీవుల విద్యార్థికి తలుపు మూసుకుపోయేది అక్కడే. నియమాల పుస్తకంలో అతనిని రావద్దన్న వాక్యం ఏదీ ఉండదు, అయినా రాలేడు.

2018 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో సముద్రగర్భ కేబుల్‌కు శంకుస్థాపన జరిగింది. 2020 ఆగస్టు 10న దానిని ప్రారంభించారు. మొత్తం పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లకు ఇది వెళుతుంది. గాజు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. చెన్నై దాకా దారిని 1,500 కిలోమీటర్లు అనుకుందాం. వెళ్ళి రావడానికి 3,000. అంటే 0.015 సెకను. మధ్యలోని యంత్రాలు, సర్వర్ దాకా నేల మీది దారి ఇంకొంత కలుపుతాయి. ఎంత కలిపినా పాత అర సెకనుకు దరిదాపులకు రాదు.

2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వందమందిలో సుమారు పదమూడుగురి మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు వారిలో ఎన్నో. వారి పిల్లలు ఇప్పుడు ఆన్‌లైన్ మెట్టు మీద విశాఖపట్నం పిల్లలతో ఇంచుమించు సమానంగా నిలబడగలరు. ఫైనల్ గదికి రావాలంటే మాత్రం విమానం టికెట్టు కొనాలి, లేదా ఓడలో మూడు రోజుల దాకా ప్రయాణం చేయాలి. ఆ దూరాన్ని తగ్గించే కేబుల్ లేదు. ఆ ఖర్చును జట్టు యజమాని భరించాలా, లీగ్ భరించాలా అన్నది పోటీ నియమాలు రాసేవారు తేల్చవలసిన ప్రశ్న.

మీ కళాశాల కంప్యూటర్‌లో 'పింగ్' అనే ఆదేశం ఇచ్చి చూడండి, ఒక సర్వర్‌కు వెళ్ళి రావడానికి పట్టిన కాలం మిల్లీసెకన్లలో కనబడుతుంది. ఆ సర్వర్ ఉన్న ఊరి దూరాన్ని భూపటం మీద కొలిచి, కాంతికి ఎంత కాలం పట్టాలో లెక్క వేయండి. రెండింటి తేడాను నోట్‌బుక్‌లో రాసుకోండి. ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి కొలిస్తే మరీ మంచిది.